వెళ్ళొస్తానన్న నేరం

కందర్పరాజుగారికి ఒకరోజు ఉన్నట్టుండి ఒక సరదా పుట్టింది. కొడుకు పెళ్ళి శుభలేఖ నిజగిరి రాజుకు పంపాలి. ఆ దేశంలో చట్టాలు మహా కఠినం. నోట్లోంచి ఒక్క అబద్ధం ఊడిపడిందా, పరదేశి అయినా సరే, ఏడాది చెరసాల!

“అక్కడికి పోయి క్షేమంగా తిరిగొచ్చే మొనగాడు మన సభలో ఎవడయ్యా?” అన్నాడు రాజు.

విరూపాక్ష దీక్షితులు శాలువా సర్దుకుని లేచాడు. “ధర్మశాస్త్రాలు అవపోసన పట్టినవాణ్ణి. నేనుండగా ఇంకొకరెందుకు ప్రభూ?”

తోడుగా తాంబూలపు పెట్టె మోసే బొల్లయ్యను పంపారు. నిజగిరి కోటగుమ్మం దగ్గరే బొల్లయ్య కాపలావాణ్ణి పట్టుకున్నాడు. “అన్నా, ఇక్కడ ఏది తప్పు, ఏది ఒప్పు? కాస్త చెప్పు, నీకు పుణ్యముంటుంది.”

“ఛీ, పరువు తీశావు కదరా! నాకు తెలియని చట్టమా?” అని కసిరాడు దీక్షితులు.

బొల్లయ్యకు ఒళ్ళు మండింది. అయినా పెట్టె ఎత్తుకుని వెనకే నడిచాడు.

అక్కడున్న మూడు రోజులూ దీక్షితులు జాగ్రత్తగానే మాట్లాడాడు. వంకాయ కూర ఎలా ఉందని మహారాణి అడిగితే, “ఉప్పు కషాయం తల్లీ!” అని ఉన్నమాటే చెప్పాడు. శుభలేఖ అందింది. ఇక సెలవు తీసుకోవడమే తరువాయి. చేతులు జోడించి, అలవాటుకొద్దీ అనేశాడు:

“వెళ్ళొస్తాను మహారాజా!”

“ఎప్పుడొస్తారు?” అన్నాడు నిజగిరి రాజు.

“మళ్ళీనా?” దీక్షితులు ముఖం పాలిపోయింది. “అబ్బే... అదీ... ఏదో మాటవరసకు...”

“రానివాడు వస్తానన్నాడు. అబద్ధం! ఏడాది చెరసాల!”

భటులు రెక్కలు పట్టుకున్నారు. దీక్షితులు వెనక్కి తిరిగి అరిచాడు. “ఒరేయ్ బొల్లయ్యా, నాయనా, కాపాడరా!”

బొల్లయ్యకు పాపం అనిపించింది. ఈ పెద్దమనిషిని ఇక్కడ వదిలేసి పోతే, రేపు వాళ్ళావిడకు ఏ ముఖం చూపించాలి? పెట్టె కిందపెట్టి ముందుకొచ్చాడు.

“ప్రభూ, మా దీక్షితులుగారు వస్తానన్నారా, వెళ్ళొస్తానన్నారా?”

“వెళ్ళొస్తాననే అన్నాడు.”

“మరి వెళ్ళనిస్తేనే కదా, వస్తారో రారో తేలేది? తమరు ఇక్కడే కట్టిపడేస్తే, ఆయన మాటను అబద్ధం చేసినవారు తమరే అవుతారు!”

సభంతా గొల్లున నవ్వింది.

“వదలండయ్యా వదలండి! లేకపోతే నేనే చెరసాలకు పోవాలి!” అన్నాడు రాజు నవ్వాపుకుంటూ. తర్వాత బొల్లయ్య వైపు తిరిగాడు. “ఇప్పుడు నువ్వెలా సెలవు తీసుకుంటావో చూస్తాను. ‘వెళ్తాను’ అంటే మీకు అశుభమాయె. ‘వెళ్ళొస్తాను’ అంటే మా చట్టం ఊరుకోదాయె. ఏమంటావు?”

బొల్లయ్య తడుముకోలేదు.

“నేనేమీ అనను ప్రభూ. తమరే ‘వెళ్ళిరా’ అనండి. ఆజ్ఞకు నిజమేమిటి, అబద్ధమేమిటి?”

రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. మెడలోని ముత్యాలహారం తీసి బొల్లయ్య మెడలో వేశాడు. కళ్ళు తుడుచుకుంటూ అన్నాడు:

“వెళ్ళిరా బొల్లయ్యా! ఆ పండితుణ్ణి మాత్రం మీ దేశంలోనే దింపిరా!”