ఎవరూ పిలవని పిలుపు

ప్రశ్న అడిగితే ప్రకాశరత్నం మాస్టారు జవాబు చెప్పేవారు కాదు. లేచి చెప్పులు తొడుక్కునేవారు. ఇన్నేళ్లు కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషికి నోటి దగ్గర అంత పిసినారితనమేమిటని ఊళ్లో నవ్వుకునేవారు. ఆయన శిష్యులకు మాత్రం తెలుసు, చెప్పులు తొడిగారంటే ఆ పూట కాళ్లు పీకడం ఖాయమని.

ఆ రోజు అడిగింది నాగవేణి. ఇంగ్లీషువాళ్లు ఒకప్పుడు ముద్దుగా పిలుచుకుని, తర్వాత మరిచిపోయిన మాటల మీద ఆమె పరిశోధన చేస్తోంది. అదంతా పనికిమాలిన పని అని యూనివర్సిటీ కమిటీ తేల్చేసింది. ఇంటర్వ్యూల్లో ఎలా మాట్లాడాలో దాని మీద రాయి, లేకపోతే మానెయ్యి, సోమవారానికల్లా చెప్పు అన్నారు. మానెయ్యడానికే మనసు సిద్ధం చేసుకుని వచ్చింది పిల్ల.

"ప్రియమైన మనిషిని 'లెమన్' అనేవారట మాస్టారూ, నిమ్మకాయ కాదు. ప్రియం, మనిషి, ఈ రెండు పాత మాటలూ కలిసి పుట్టింది. పోనుపోను ఉంపుడుగత్తెకు పేరై, ఆఖరికి అదీ పోయింది. 'స్వీటింగ్' అన్నదీ పోయింది. పిలిచే నోరు ఒక్కటీ లేని మాటల కోసం నేనెందుకు కమిటీతో తగువు పడాలి?"

మాస్టారు చెప్పులు తొడుక్కున్నారు.

ఆ వేళ సమాధుల పండుగ. చర్చి వెనక ఎవరివాళ్ల సమాధులకు వాళ్లు సున్నం కొట్టి, రాతి మీద చెక్కిన పేర్లలో నల్లరంగు నింపుతున్నారు. గోడవారగా ఒక దొరసాని సమాధి ఉంది. ఎప్పుడో కాలవ తవ్వించిన ఇంజనీరు భార్య, తొలికాన్పులో పోయిందట. నా అన్నవాళ్లు లేరు గనక ఏటా మాస్టారే ఆ అక్షరాలు దిద్దేవారు. ఈసారి కుంచె నాగవేణి చేతిలో పెట్టి ఆయన పక్కన చతికిలబడ్డారు. పేరు కింద ఒకే ఒక్క మాట ఉంది: 'బెల్లిబోన్'. ఆ ఇంజనీరు నాటికే పాతబడి మూలపడ్డ మాట అది. నాగవేణి దాన్ని పుస్తకాల్లో తప్ప ఎక్కడా చూడలేదు.

సగం దిద్దిందో లేదో, గునపాలు పట్టిన ఇద్దరు మనుషులతో సంఘపెద్ద జయపాల్ గారు వచ్చారు.

"లెగమ్మా. దిక్కూ మొక్కూ లేని రాయి. బోరింగు దగ్గర కాళ్లు కడుక్కోడానికి పరిపిద్దామనుకున్నాం. ఆ రాతేంటో చదివినా ఎవడికీ అర్థం కాదు."

నాగవేణికి ఒళ్లు మండిపోయింది.

"నాకవుద్దండీ. అందగత్తె, మంచిది అని ఫ్రెంచివాళ్లు అనే రెండు మాటలు కలిపి ఇంగ్లీషువాళ్లు చేసుకున్న పిలుపు. ఈమెను ఈమె మొగుడు అలా పిలుచుకున్నాడు. దాని మీద కాళ్లు కడుగుతారా?"

"నువ్వు మా సంఘం పిల్లవి కూడా కాదు. ఆవిడ నీకేమవుద్ది?"

"ఏమీ అవ్వక్కర్లేదు. గునపం వెయ్యాలంటే ముందు నామీద వెయ్యండి."

రాయికి అడ్డంగా మఠం వేసుకుని కూర్చుంది. చుట్టుపక్కలవాళ్లు కుంచెలు ఆపి చూశారు. పండుగ పూట ఆడపిల్లతో రభస ఎందుకని గునపాలవాళ్లే ముందు వెనక్కి తగ్గారు. "ఇప్పుడు కాకపోతే రేపు" అని గొణుక్కుంటూ జయపాల్ గారూ నడిచారు. ఆయన పట్టిన పట్టు విడిచే మనిషి కాదు. మళ్లీ వస్తాడని నాగవేణికి తెలుసు, వస్తే రానీ అనుకుంది.

మళ్లీ కుంచె తీసుకుని చివరి అక్షరం దాకా దిద్దింది. కోపం ఇంకా దిగలేదు.

"పెద్దాయన్ని పట్టుకుని ఎక్కువ మాట్లాడానా మాస్టారూ?"

మాస్టారు ఆ తడి అక్షరాల వంక చూస్తూ అన్నారు. "పిలిచినవాడు లేడు, పలికిన మనిషీ లేదు. ఉత్త పిలుపు మీద ఎవరో కాలు పెడతానంటే నీకెందుకమ్మా అంత నొప్పి?"