దివాన్ గారి తాళాలు

దివాన్ భుజంగరావుకి జనం చేత భేష్ అనిపించుకోవడం ఒక పిచ్చి. పాలనలో దాపరికం ఉండకూడదంటూ, పట్నం కావలివాళ్ళ ఇళ్ళెక్కడో, ఇంట్లో ఎవరెవరుంటారో దండోరా వేయమన్నాడు.

"దొంగల్ని పట్టేది వాళ్ళేనండి. పగబట్టినవాడు తిన్నగా పెళ్ళాంబిడ్డల మీదికే పోతాడు," అన్నాడు దండోరా వేసే ఓబన్న.

"డప్పు కొట్టడం నీ పని. ఆలోచించడానికి నాకు బుర్రుంది."

ఉందేమో గానీ, వాడిన జాడ ఓబన్నకి కనబడలేదు. వెళ్ళి దివాన్ గారి వాకిట్లోనే డప్పు మోగించాడు. జనం మూగారు.

"దివాన్ గారి నగల గది తాళాలు కావలి చెంచయ్య దగ్గరుంటాయహో. పగలు అతని కూతురు ఒంటరిగా ఉండే ఇల్లు ఎక్కడంటే..."

దివాను పంచె ఎగ్గట్టుకుని పరుగున వచ్చి డప్పు పట్టుకున్నాడు. "ఆపరా. ఆ పిల్ల మెడ మీద ఎవడైనా కత్తి పెడితే, చెంచయ్య నా తాళాలు ఇచ్చేయడూ?"

"ఇచ్చేస్తాడండి. మరి మిగతావాళ్ళ ఇళ్ళు చెప్పేదా? వాళ్ళ దగ్గర తమరి తాళాలేమీ లేవు."

జనమంతా దివాను మొహంకేసే చూస్తున్నారు. ఆయన ఓబన్న చేతిలోని డప్పుకర్ర లాక్కుని లోపలికి పోయాడు.