చిలుకకు అప్పగించిన మాటలు

దిగుడుబావి మీదికి వంగిన తుమ్మచెట్టు మీద ఒక గిజిగాడు ఉండేవాడు. అల్లడం రాని పక్షులకు, వాటి చెట్ల దగ్గరికే వెళ్లి గూళ్లు అల్లిపెట్టేవాడు. అల్లే వేళకంటే వచ్చినవారితో మాట్లాడే వేళే ఎక్కువయ్యేది. వానాకాలం దగ్గరపడేకొద్దీ ఆ మాటలు అతనికి బరువనిపించాయి.

కొండకు ఆవలి తోటలో ఒక చిలుక ఉండేది. కొండ చీలిక దగ్గర పలికితే మాట అటు చేరుతుంది, జవాబు ఇటు వస్తుంది. ఈవల ఎవరూ దాన్ని చూడలేదు. గొంతు మాత్రం అందరికీ నచ్చింది.

“అన్నా, మాటల పని నాకొదిలెయ్యి,” అంది చిలుక. “ఎవరికి, ఏ చెట్టుకు, ఎప్పటికి. మూడు ముక్కల్లో నీకు అందిస్తాను.”

“వచ్చినవాళ్లు చాలా చెబుతారమ్మా.”

“చెప్పనిస్తేగా!”

గిజిగాడు నవ్వి ఒప్పుకున్నాడు. గూళ్లు రెండింతలయ్యాయి. తన పనితనం మీద తనకే ముచ్చటేసింది.

పాత పెంకుటిల్లు కూల్చేయడంతో చూరు పోగొట్టుకున్న ఒక పిచ్చుక చీలిక దగ్గరకు వచ్చింది. గుడ్లు పెట్టే రోజులు దగ్గరపడ్డాయి.

“చిలుకమ్మా, మాది చెరువుగట్టు చివరి రేగుచెట్టు. మా ఆయన అక్కడే ఉందామంటాడు, నాకేమో భయం, ఎందుకంటే...”

“రేగుచెట్టు, నాలుగు రోజులు. శుభం తల్లీ. తరవాతెవరు?”

గిజిగాడు వచ్చి అల్లుతుంటే పిచ్చుక మళ్లీ నోరు తెరిచింది. “ఏదున్నా చిలుకకు చెప్పమ్మా,” అన్నాడతను తల తిప్పకుండా. ఎండ కాస్తోంది, ఆకు కదలడం లేదు. కొండ చాటునున్న తన చెట్టుకు పెట్టుకున్నట్టే ద్వారం పడమటికి పెట్టి వెళ్లిపోయాడు.

మొదటి వాన పడమటి గాలితో వచ్చింది. పిచ్చుక మగడు తడిసి ముద్దయి తుమ్మచెట్టు మీద వాలాడు.

“అన్నా, గూట్లోకి జల్లు కొడుతోంది! మా ఆవిడ ద్వారానికి రెక్కలడ్డం పెట్టి కూర్చుంది. లోపల మూడు గుడ్లు!”

“చిలుకకు చెప్పావా?”

“చెప్పాను. వాన తగ్గాక రమ్మంది.”

ఆ జవాబు విని గిజిగాడు తలదించుకుని అతని వెంట ఎగిరాడు. తడి గడ్డితోనే పడమటి ద్వారం మూసి, తూర్పున మరొకటి తెరిచాడు. రెండు గుడ్లు దక్కాయి. ఒకటి చల్లబడిపోయింది.

“నీటి మీంచి వచ్చే గాలి అన్నా,” అంది పిచ్చుక అలసిన గొంతుతో. “గట్టు మీద ఉండేవాళ్లకే తెలుస్తుంది. రెండుసార్లు చెప్పబోయాను.”

వాన వెలిశాక గిజిగాడు చీలిక దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాడు.

చిలుక నొచ్చుకుంది. “నేను తొర్రలో పుట్టినదాన్ని. గూటికి గాలితో ఏం పనో నాకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పలేదమ్మా. నేనే అనవసరం అనుకున్నాను.”

చిలుక చేత అతను పని మాన్పించలేదు. ఎవరు వచ్చారో, ఎప్పటికి కావాలో ఇప్పటికీ అదే చూస్తుంది. గిజిగాడు మాత్రం ప్రతి చెట్టు దగ్గరా ముందు కొమ్మ మీద కూర్చుని, అవతలివారు చెప్పడం పూర్తయ్యాకే మొదటి గడ్డిపోచ ముడివేస్తాడు.

పనిలో ఎంత భాగమైనా మరొకరికి అప్పగించవచ్చు. ఎవరికోసం ఆ పని చేస్తున్నామో వారి మాట వినడాన్ని మాత్రం అప్పగించకూడదు.