చెట్టు దాల్చిన చెక్క

అనగనగా పద్మకేసరి అని ఒక రాజు. ఆయన మూడో కొడుకు మణికేసరి ఏడు సముద్రాలు దాటడానికి బయలుదేరిన నాడు మొలలో ఉన్నవి ఏడే ఏడు వరహాలు.

"సముద్రానికొకటి చొప్పున ఏడూ అయిపోతాయి. మరి తిరిగి రావడానికో?" అని అన్నలిద్దరూ వెక్కిరించారు.

"వెళ్ళడానికి ఉన్నాయిగా! తిరుగుదారి అవతలి ఒడ్డున వెతుక్కుంటాను," అన్నాడు మణికేసరి.

ఎందుకు బయలుదేరాడో చెబుతాను, వినండి.

రాజుగారికి తీపి జబ్బు చేసింది. ఎన్ని నీళ్ళు తాగినా దాహమే. ఎంత తిన్నా నీరసమే. కాలి మీద పుండు ఎంతకీ మానదు. ముసలి రాజవైద్యుడు భైరవయ్య మందులిచ్చాడు, పరమాన్నం మానిపించాడు. రాజుగారు కొంత తేరుకున్నారు కానీ, పుండు పూర్తిగా మానలేదు.

"నా మందుకు తోడు దాల్చిన చెక్క కూడా పడితే మేలు. ఆ చెట్లు ఏడు సముద్రాల అవతలి దీవిలో ఉన్నాయి," అన్నాడు భైరవయ్య.

పెద్దకొడుకు వెంటనే ఓడెక్కాడు. చెక్క అన్నారు కదా అని ఓడ నిండా టేకు పలకలు వేసుకొచ్చాడు. "పందిరిమంచం చేయించడానికి బాగుంటాయి బాబూ," అన్నాడు భైరవయ్య.

రెండోకొడుకు తెలివైనవాణ్ణనుకున్నాడు. "దాల్చిన చెక్క అంటే ఎవరో ధరించిన చెక్క అన్నమాట!" అని ఒక మునీశ్వరుడి కాళ్ళావేళ్ళా పడి ఆయన తొడుక్కున్న పావుకోళ్ళు పట్టుకొచ్చాడు. సభ అంతా నవ్వింది. రాజుగారు మాత్రం నవ్వలేదు. అప్పటికి పుండు అరచేయంత అయింది. అన్నల ఓడలకే ఖజానా ఖాళీ అయింది.

మణికేసరి భైరవయ్య దగ్గర కూర్చుని అడిగాడు.

"తాతా, ఆ చెక్కను దాల్చింది ఎవరు?"

"ఇన్నాళ్ళకు అడిగేవాడు దొరికాడు! చెట్టు దాల్చింది నాయనా. చెట్టుకు రెండు చొక్కాలుంటాయి. పైది గరుకు, అది పనికిరాదు. లోపలిది పలచన, అదే కావాలి."

మణికేసరి బయలుదేరాడు. ఒక సముద్రం దాటాడు, ఒక వరహా ఇచ్చాడు. రెండో సముద్రం దాటాడు, రెండో వరహా ఇచ్చాడు. అలా ఏడు సముద్రాలూ దాటేసరికి మొల ఖాళీ.

ఆ దీవిని కంటకుడనే మాంత్రికుడు చెరబట్టాడు. దీవి రాజకుమారి తమాలిక చేత పగలంతా చెక్క ఒలిపిస్తున్నాడు. వాడు కళ్ళు పచ్చబడి, అడుగడుక్కీ రొప్పుతూ మణికేసరికి ఎదురొచ్చాడు.

"ఒరే కుర్రాడా! మూడు పనులు చేస్తే చెక్క ఇస్తాను. ఏది తప్పినా నిన్ను కప్పను చేస్తాను. మొదటిది, ముక్కలు కాకుండా లోపలి చెక్క ఒలిచి చూపించు."

మణికేసరి కత్తి పట్టగానే కొమ్మ మీద ఉడుత కిచకిచలాడింది. "అన్నా, ఆగు! ఎండలో ఒలిస్తే అంటుకుపోతుంది. వాన పడనీ, అదే వదులవుతుంది." వాన పడేదాకా ఓపిక పట్టాడు. చెక్క చుట్టలు చుట్టలుగా ఊడివచ్చింది.

"రెండోది, ఈ కుప్పలోంచి అసలు చెక్క ఏరు!"

కుప్పలో అన్నీ గోధుమరంగు చుట్టలే. తమాలిక పక్కనుంచి వెళుతూ మెల్లగా అంది. "మందంగా, ఒకే పొరతో గట్టిగా ఉన్నది వేరే చెట్టుది. అది ఎక్కువైతే కాలేయానికి కీడు. కాగితాల్లా పొరలు పొరలుగా ఉండి, వేళ్ళతో నలిపితే విరిగేది మనది." అలాగే నలిపి చూసి ఏరాడు.

"మూడోది..." అంటూ మాంత్రికుడు కూలబడ్డాడు. "నా చిలుక మాట్లాడటం మానేసింది. దాన్ని మాట్లాడించు."

ఉడుత మణికేసరి భుజమెక్కి చెవిలో చెప్పింది. "వాడి ప్రాణం ఆ చిలుకలోనే ఉందన్నా. అది నలతపడితే వాడూ నలతపడతాడు."

పంజరంలో చిలుక ఈకలు రాలి, తల వాల్చి ఉంది. ముందు గుప్పెడు చెక్కపొడి.

"రోజూ ఇంత పెడుతున్నావా?"

"చిటికెడు మంచిదైతే గుప్పెడు ఇంకెంత మంచిది! చావే రాదు!"

మణికేసరి గబగబా లెక్క కట్టాడు. "నా బరువు నీ చిలుకకు ఐదువందల రెట్లు. నాకే రోజుకు చిటికెడు చాలు. నువ్వు దీనికి గుప్పెడు పెడుతున్నావు. అంటే నేను రోజూ ఐదువందల గుప్పెళ్ళు మింగినట్టు! నీ ప్రాణాన్ని నువ్వే తీసుకుంటున్నావు మాంత్రికుడా."

కంటకుడి మొహం పాలిపోయింది. "అయితే నువ్వే బతికించు!"

"పంజరం నా చేతికిస్తేనే."

భయంలో ఆలోచించకుండా ఇచ్చేశాడు. మణికేసరి పొడి పారబోసి, నీళ్ళు తాగించి, జామపండు పెట్టాడు. కొన్నాళ్ళకు చిలుక రెక్కలు దులిపి నోరు విప్పింది. "ఒరే కంటకా! ఇన్నేళ్ళలో ఒక్క పండు పెట్టావుట్రా?"

తేరుకున్న మాంత్రికుడు "ఇక నా పంజరం నాకివ్వు!" అని చేయి చాచాడు.

"ఇవ్వను. చిలుకకు పండ్లు నేను పెడతాను. నువ్వు తమాలికనూ, దీవినీ వదిలిపెట్టు. చెక్కతో సహా మమ్మల్ని మా ఇంటికి చేర్చు."

తన ప్రాణం మణికేసరి చేతిలో ఉంటే వాడేం చేస్తాడు? ఏడు సముద్రాలూ కంటకుడే తెడ్డు వేశాడు.

రాజుగారి గంజిలో రోజూ చిటికెడు పొడి పడింది. భైరవయ్య మందు ఆగలేదు, పొద్దున్నే కోట చుట్టూ నడకా ఆగలేదు. "మందుకు తోడే కానీ మందుకు బదులు కాదు," అని ముసలాయన రోజూ చెప్పేవాడు. మెల్లమెల్లగా దాహం తగ్గింది. పుండు అంచులు దగ్గరయ్యాయి. నాలుగు నెలలకు రాజుగారు చెప్పులు తొడుక్కుని సభకు వచ్చారు.

ఆ సభలోనే మణికేసరికి, తమాలికకు పెళ్ళి జరిగింది. ఆ తర్వాత వాళ్ళు రెండు రాజ్యాలనూ చాలాకాలం చల్లగా ఏలారు. కానీ పెళ్ళిపందిరి విప్పిన మర్నాడే మణికేసరి తమాలికను అడిగాడు.

"మనం తెచ్చిన చెక్క ఇంకెన్నాళ్ళు వస్తుంది?"

"ఏడాది."

"ఇప్పుడు మొక్క నాటితే ఎన్నేళ్ళకు ఒలవచ్చు?"

"మూడేళ్ళకు."

"అంటే నాన్నగారికి రెండేళ్ళు లోటు. దానికి సరిపడా చెక్క, నాటడానికి మొక్కలు మీ దీవి నుంచి తేవాలి," అంటూ లేచాడు. నడుముకు కండువా బిగించి రేవుకు నడిచాడు. మొక్కలు తేవడానికి ఖాళీ గంపలు ఎత్తుకుని తమాలిక ముందే పడవెక్కి కూర్చుంది. అతను కట్టుతాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు.