గాలికనుమ కుంచమ్మ తల్లి – తొలిబేరం

కుంచ మొకచేత, నభయంబు కొసరు చేత
దాల్చి, కనుమను గాచెడి ధర్మమూర్తి,
బేర మాడెడి వారిండ్ల వెలుగు నిలుపు
నమ్మ కుంచమ పదముల కంజలింతు.

గాలికనుమలో వెలసిన కుంచమ్మ తల్లి చరితమిది. ఆ తల్లి ఎదుట తన గద్దె దిగి ఎండలో నేలపై కూర్చున్న పిన్నపరెడ్డి కథ ఇది. భక్తులు సావధానచిత్తులై ఆలకింతురు గాక.

కనుమదారి రెండవ మలుపులో బస్సు దిగిన యాత్రికునికి మొదట కనిపించేది సంత. ప్రతి గురువారం ఉల్లిగడ్డల రాశులు, గాజుల మలారాలు, సెల్‌ఫోను తొడుగులు, ప్లాస్టిక్ బిందెలు, ఎండుమిరప ఘాటు దారికి ఇరువైపులా పరుచుకొని ఉంటాయి. గుడి ఆ సంత నడుమనే, నాలుగు రాతికంబాల నీడలో ఉంది. గర్భగుడిలోని అమ్మవారు నిలువెత్తు విగ్రహం కాదు. మూరెడు ఎత్తున్న, గింజలు కొలిచే నల్లరాతి కుంచం, దాని అంచున చెక్కినట్లు కాక లోపలినుంచి ఉబికినట్లున్న వృద్ధముఖం. ఆ కుంచం నిండా ఎల్లప్పుడూ ఉలవలు ఉంటాయి. అన్ని గుళ్ళలోనూ బియ్యమో పూలో సమర్పిస్తుండగా ఇక్కడ ఉలవలెందుకని కొత్తవారు అడుగుతారు. దానికి సమాధానమే ఈ స్థలపురాణం.

పూర్వం ఇక్కడ తొంభై గడపల పల్లె ఉండేది. నేల రాతినేల. కొర్రలు, ఉలవలు తప్ప వేరు పంట లేదు. తీరంనుంచి ఉప్పు, ఎండుచేపలు, పసుపు, వస్త్రాలు వీపున పెరికె సంచుల్లో మోసుకొచ్చే ఎద్దుల బిడార్లు ఈ కనుమ ఎక్కి దిగిపోయేవే గాని, పల్లెలో ఒక పూటైనా ఆగేవి కావు. ఇంటి ముందునుంచి లోకంలోని సరుకంతా సాగిపోతున్నా చిటికెడు ఉప్పుకోసం పల్లెవాసులు రెండామడలు నడిచేవారు. ఏటేటా నాలుగైదు కుటుంబాలు తలుపులకు ముళ్ళకంప వేసి వలస పోయేవి.

ఆ పల్లెకు పెద్ద పిన్నపరెడ్డి. ఊరు నిలవాలంటే అంగడి నిలవాలని తలచి, అతడు సీమనేలే నాయకుని దర్శించి ఇక్కడ సంత వెలయించుటకు అనుమతి వేడుకొన్నాడు. నాయకుడు అనుమతించాడు గాని ఒక కట్టడి పెట్టాడు.

“మూడు సంతలు చూస్తాను. మూడవ సంతనాడు పొద్దు వాలేవేళకు ఒక్క బిడారైనా ఇక్కడ విడిది చేసి నిలిచి ఉండకపోతే సంత హక్కు దిగువ ఊరికి పోతుంది. దారీ అటే మళ్ళుతుంది. అప్పుడు మీ పల్లె ఈ రాళ్ళలో ఉండి చేసేదేమీ లేదు. జనాన్ని దిగువకు తరలిస్తాను.”

తొంభై గడపల తరఫున పిన్నపరెడ్డి ఆ మాటకు తల ఊపాడు.

నాగిశెట్టి అనే బిడారు నాయకుని బతిమాలి అతడు నూట ఇరవై ఎద్దులతో రప్పించాడు. పెద్ద వర్తకుల మనసు నొవ్వరాదని దారి పక్కనున్న చదునైన నేలంతా వారి గుడారాలకు ఇచ్చాడు. ఊరివారి కొర్రల గంపలను, ఉలవల మూటలను వాగు అవతలి పల్లానికి పంపాడు. తాను మాత్రం సంత నడుమ పందిరి వేయించి, ఎత్తయిన రాతిగద్దెపై కూర్చున్నాడు.

ఈదమ్మ అనే ముసలిరైతు గంప దించకుండానే అడిగింది. “పల్లంలో మమ్మల్ని ఎవరు చూస్తారు రెడ్డయ్యా? వాగులో చేపలా?”

“పట్టుచీరల పక్కన నీ ఉలవలు ఏం బాగుంటాయి ఈదమ్మా? శెట్లు చిన్నబుచ్చుకుంటారు. నాలుగు నాళ్ళు ఓర్చుకో.”

“ఓర్చుకునే పనైతే మాకు కొత్తా,” అని ఆమె గంప ఎత్తుకొని వెళ్ళిపోయింది.

మొదటి సంత తిరునాళ్ళవలె సాగింది. పల్లెవారు దాచుకున్న కాసులన్నీ ఇచ్చి ఉప్పు, పసుపు కొనుక్కున్నారు. పల్లంలోకి దిగి వారి గింజలు అడిగినవారు లేరు. రెండవ సంతకు వారి చేతిలో ఏమీ మిగలలేదు. చీరలను తడిమి, ధర అడిగి, వెనుదిరిగారు. ఆ వారమే పన్నెండు గడపలకు ముళ్ళకంప పడింది. మూడవ సంతనాడు ఉదయం పల్లంలో ఒక్క గంప కూడా దిగలేదు. ఎగువ దారిన మూటలు, గంపలు నెత్తిన పెట్టుకొని ఈదమ్మ, ఆమె వెనుక ఏడెనిమిది కుటుంబాలు వలస బయలుదేరాయి.

జాము పొద్దెక్కేసరికి నాగిశెట్టి గుడారపు తాళ్ళు విప్పిస్తున్నాడు. పిన్నపరెడ్డి గద్దె దిగి వచ్చాడు.

“ఇంకా పొద్దుంది శెట్టీ. సాయంత్రందాకా నిలువు.”

“ఎవరికోసం నిలవాలి రెడ్డీ? కొనేవాడు ఏడీ? నా ఎద్దుల డొక్కలు చూడు. తెచ్చుకున్న మేపు నిన్నటితో అయిపోయింది. నీ ఊళ్ళో రాళ్ళు తప్ప మేయడానికి ఏముంది?”

పిన్నపరెడ్డి తిరిగి పందిరి కిందికి చేరాడు. ఎద్దులమీద పెరికెలు ఒక్కొక్కటే ఎక్కుతున్నాయి. సీమనేలే నాయకుని భటుడు కనుమ మొగలో గుర్రం దిగి, పొద్దు ఎంత వాలిందో నీడను చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు సంతలోకి ఒక అవ్వ వచ్చింది. చేతిలో ఖాళీ కుంచం ఉంది. ఆమె ఏ గుడారంవైపూ చూడక సూటిగా పందిరి కిందికి వచ్చి నిలిచింది.

“కుంచెడు ఉలవలు కావాలి నాయనా.”

“ఉలవలు లేవవ్వా. ఉప్పుంది, పసుపుంది.”

“ఈ ఊరి సంతలో ఈ ఊరి గింజ లేదా? మరి ఇది ఎవరి సంత?”

ఆ ప్రశ్న అతని గుండెలో ముల్లులా దిగింది. అవ్వ మాత్రం తొందరపడలేదు. గద్దె ఎదుటే, పందిరి నీడ దాటి మండుటెండలో చతికిలబడి, కుంచం ఒడిలో పెట్టుకొంది.

“తెచ్చిపెట్టు. కూర్చుంటాను. బేరం కానిదే లేవను.”

ఊరి గింజ అమ్మేవారే వలస పోతున్నారని గుర్తొచ్చి పిన్నపరెడ్డి ఎగువ దారి పట్టాడు. తలపాగా జారినా ఆగలేదు. ఊరిపెద్ద పరుగెత్తడం ఆ కనుమ అంతకుముందు చూడలేదు. వలసజనం మలుపు దాటబోతుండగా అతడు ఈదమ్మకు అడ్డంగా నిలిచాడు. రొప్పుతో మాట తెగుతోంది.

“నీ గంపలో ఉలవలున్నాయా?”

“విత్తనానికి ఉంచుకున్నవి. ఎందుకు, వాగులో చేపలు అడిగాయా?”

“తప్పు నాది ఈదమ్మా. నిన్ను పల్లానికి తోసింది నేను. ఇవాళ నా గద్దెమీద నీ గంప దించు. అమ్ముడుపోకపోతే నీ వెంట నేనూ వలస వస్తాను.”

ఆమె అతని కాళ్ళ వంక చూసింది. చెప్పులు ఎక్కడో జారిపోయి, పాదాలు రాళ్ళకు చీలి ఉన్నాయి. గంప నెత్తిన సర్దుకొని వెనుదిరిగింది. వెనుకనున్నవారూ తిరిగారు.

వారు సంత చేరేసరికి బిడారు కదిలింది. ముందున్న గంటల ఎద్దు పందిరి దాటుతోంది. పిన్నపరెడ్డి తన చేతులతో గద్దెమీది పరుపు తీసి పారవేసి, ఈదమ్మ గంపను అక్కడ దించి, తాను అవ్వ పక్కన ఎండలో నేలపై కూర్చున్నాడు. అవ్వ కుంచం చాచింది. ఈదమ్మ ఉలవలు కొలిచి, పైన పిడికెడు కొసరు వేసింది. అవ్వ లేచి ఆ కుంచాన్ని దారి నడుమ పెట్టింది.

గంటల ఎద్దు ఆగింది. మూతి సాచి వాసన పట్టింది. ముంగాళ్ళు మడిచి, పెరికెతోనే మోకరిల్లింది. దాని వెనుక రెండవది, దాని వెనుక మూడవది. నూట ఇరవై ఎద్దులు కనుమ పొడవునా మోకరిల్లాయి. మనుషులు అదిలించారు, ములుకర్రలతో పొడిచారు. ఒక్కటీ లేవలేదు.

నాగిశెట్టి తన ఎద్దుల డొక్కలు చూశాడు. తరువాత గద్దె ముందుకు వచ్చి అడిగాడు.

“ఎద్దుల దాణాకు నీ దగ్గర ఇవి ఎన్ని ఉన్నాయమ్మా?”

“నా దగ్గర గంపెడే. కొనేవారు లేక ఊరి గాదెల్లో నీ ఎద్దులు ఏడాది తిన్నా తరగనన్ని పడి ఉన్నాయి,” అంది ఈదమ్మ. “వాగు అవతలికి నువ్వెప్పుడైనా చూశావా శెట్టీ?”

ఆ పొద్దు వాలకముందే ఊరి ఉలవలు దారి పక్కకు వచ్చాయి. ఉలవలు ఇచ్చినవారు చీరలూ ఉప్పూ పుచ్చుకొన్నారు. విప్పిన గుడారాలు మళ్ళీ లేచాయి. భటుడు గుర్రమెక్కి, విడిది నిలిచిందన్న వార్తతో వెళ్ళాడు. అవ్వ కోసం పిన్నపరెడ్డి నలుదిక్కులా వెదికాడు. ఎక్కడా లేదు. దారి నడుమ పెట్టిన కుంచాన్ని ఎత్తబోతే కదలలేదు. అది రాయిగా మారింది. దాని అంచున అవ్వ ముఖం ఉంది. ఆ రేయి కలలో ఆమె అతనితో ఒక్క మాటే పలికినట్లు పెద్దలు చెబుతారు: “పొరుగు మూట విప్పకముందు ఇంటి గంప దిగాలి.”

నాటినుంచి నేటివరకు ఆ ఆన తప్పలేదు. గురువారం తెల్లవారగానే ఈదమ్మ వంశంలోని ఆడపడుచు రాతిగద్దెపై ఉలవల గంప దించుతుంది. ఎంత దూరంనుంచి వచ్చిన వర్తకుడైనా ఆమెవద్దనో, ముందువరుసలోని ఊరివారివద్దనో ఏదైనా కొని, పిడికెడు ఉలవలు అమ్మవారి కుంచంలో వేసి, ఆ తరువాతే తన మూట ముడి విప్పుతాడు. ఆలయ ధర్మకర్త ఆ పూటంతా నేలపైనే కూర్చుంటాడు. ఇటీవల కనుమ దిగువన పంచాయతీవారు అంగళ్ళ సముదాయం కట్టినప్పుడు దారివైపు ముందువరుస గదులన్నీ ఊరివారికే కేటాయించారు. పట్టణంనుంచి వచ్చిన పెద్ద దుకాణదారు కూడా తొలినాడు ఉలవలు కొన్న పిమ్మటే షట్టరు ఎత్తాడు.

ఈ కథ విన్నవారి గంప నిండుగా దిగి తేలికగా ఇల్లు చేరుగాక. చదివినవారి ఊరు ముళ్ళకంప ఎరుగకుండుగాక. అమ్మేవారికి కొనేవారు, కొనేవారికి అమ్మేవారు ఎన్నడూ కరవు కాకుండా కుంచమ్మ తల్లి అందరికీ కొసరు వేసి కాచుగాక.