మబ్బు కింద గిన్నెగా మారిన కొండచిలువ

ఒకప్పుడు ఆకుపచ్చ కొండచిలువ ఆకుపచ్చగా ఉండేది కాదు. పసుపు ముద్దలా మెరిసిపోతూ నేల మీదే పాకేది. చెట్టెక్కడం దానికి తెలియదు.

తూర్పు సముద్రంలో, చెట్లు కిక్కిరిసిన ఒక దీవిలో, సైయా అనే పిల్ల వాళ్ల అవ్వతో ఉండేది. ఆ పిల్ల ఒక కొండచిలువను బుట్టలో ఆకులు పరిచి పెంచుకునేది. ఎప్పుడూ దాన్ని పట్టి లాగేది కాదు. చెయ్యి చాపి ఊరుకునేది. అదే మెల్లగా వచ్చి మణికట్టుకు చుట్టుకునేది, చల్లగా, నున్నగా.

"గట్టిగా పట్టుకోకే, బెదిరిపోతుంది," అనేది అవ్వ.

"నేనెక్కడ పట్టుకున్నానవ్వా? అదే నన్ను పట్టుకుంది!"

ఒక ఏడాది వానలు మొహం చాటేశాయి. వాగు ఎండింది. చెలమల్లో ఇసుక తప్ప ఏమీ లేదు. అవ్వకు జ్వరం వచ్చింది. నాలుక పిడచకట్టుకుపోయింది.

"గుక్కెడు నీళ్లు, తల్లీ..."

సైయా కుండ వంచింది. చుక్క రాలలేదు. గుమ్మంలో కూలబడి వెక్కివెక్కి ఏడ్చింది.

బుట్టలోంచి కొండచిలువ తలెత్తింది. "ఏడవకమ్మా. నేను వెళ్లి మబ్బునడుగుతాను."

"నీకు చెట్టెక్కడం రాదుగా!"

"నీ చేతిని చుట్టుకోవడం వచ్చుగా. చెట్టునూ అలాగే చుట్టుకుంటాను."

ఎక్కింది. జారింది. మళ్లీ ఎక్కింది. చిటారు కొమ్మకు చేరి చూస్తే, ఆకాశంలో ముసలి మబ్బు ఒంటరిగా పోతోంది.

"మబ్బు తాతా! మా అవ్వకు దాహం. కాసిని నీళ్లియ్యి."

"నా దగ్గరున్నవే కాసిని," అంది మబ్బు. "నేల మీద పోస్తే ఇసుక తాగేస్తుంది. గిన్నె తెచ్చావా?"

"చేతుల్లేనిదాన్ని, గిన్నె ఎలా తెస్తాను? నేనే గిన్నెనవుతాను!"

కొమ్మకు అటూ ఇటూ చుట్ట మీద చుట్ట వేసింది. తల నడిమధ్య పెట్టుకుంది.

"కదిలావా, ఒలికిపోతాయి!" అంటూ మబ్బు చుక్క తర్వాత చుక్క రాల్చింది. గాలి కొమ్మను ఊపింది. కొండచిలువ కదల్లేదు. చీమలు కుట్టాయి. కదల్లేదు. ఎండ వీపు కాల్చింది. అయినా కదల్లేదు.

ఆకులు నివ్వెరపోయాయి. "అయ్యో, మాడిపోతున్నావే! మా రంగు కప్పుకో," అన్నాయి.

కింద నిలబడ్డ సైయా తలెత్తి చూసింది. తన కళ్లముందే పసుపు కరిగి, కొండచిలువ ఒళ్లంతా లేత ఆకుపచ్చ పాకింది. చుట్టల మధ్య నీళ్లు తళతళలాడాయి, ఆకాశం ముక్క ఒకటి తెగి అందులో పడ్డట్టు!

సైయా చప్పుడు కాకుండా చెట్టెక్కింది. పెద్ద ఆకును దొప్పలా మడిచి, నీళ్లు ముంచుకుని దిగి, అవ్వ నోట్లో పోసింది. అవ్వ కళ్లు తెరిచింది.

"ఎక్కడివే ఇంత తియ్యటి నీళ్లు?"

సైయా వేలెత్తి చెట్టు పైకి చూపించింది. అవ్వ మెల్లగా గుమ్మం దాకా వచ్చి, తలెత్తి చూసి, రెండు చేతులూ జోడించింది.

ఆ సాయంత్రం ముసలి మబ్బు తన వాళ్లందర్నీ వెంటబెట్టుకొచ్చింది. కుండపోతగా కురిసింది. వాగులు పొంగాయి. కొండచిలువ మాత్రం కొమ్మ దిగలేదు. సైయా కూడా దాన్ని లాగలేదు.

అప్పటినుంచే ఆ కొండచిలువ పిల్లలు పసుపుపచ్చగా పుట్టి, పెరిగాక ఆకుపచ్చగా మారతాయి. కొమ్మ మీద చుట్టలు చుట్టుకుని, తల నడుమ పెట్టుకుని కూర్చుంటాయి. వాన పడితే కదలకుండా ఒళ్లంతా గిన్నె చేసి, అందులో నిలిచిన నీళ్లను తాగుతాయి.