రాజుగారి మీసం, సింహాసనం మచ్చ

ఒకానొక రాజ్యంలో మీసం ముందు నడిచేది, రాజు వెనక నడిచేవాడు. అతగాడి పేరు ఉద్దండభూపతి. కోపమొచ్చినా నవ్వొచ్చినా టేకు సింహాసనం చేతిపిడి మీద గుద్దడం అతగాడి అలవాటు. ఓ రోజు ఆ పిడి కాస్తా పగిలింది.

మర్నాడే పొరుగు రాజు వస్తున్నాడు. వడ్రంగి ఈరాచారిని పిలిపించారు. అతను టేకు రంపపు పొట్టు జిగురులో కలిపి, పగులులో కూరి, ఆరాక నున్నగా చేశాడు. అంతా బాగానే ఉంది గానీ, పైన రంగు పూసేసరికి పాత కర్ర రంగు తాగి ముదిరింది. పూడిక తాగక పాలిపోయింది.

రాజు చూశాడు. "రంగు కలవలేదు. వీడి కుడి బొటనవేలు తీయించండి."

వేలు పోతే ఉలి పట్టేదెలా? ఈరాచారి బొటనవేలు గుప్పిట్లో దాచుకున్నాడు. సభలోని పండితులంతా చిత్తం అన్నారు. వాళ్ళకి అంతకుమించి వచ్చి చస్తేగా.

విదూషకుడు బొల్లన లేచాడు. "ప్రభూ, ఈ శిక్ష ఆచారికేనా, రంగు కలపలేని ప్రతివాడికీనా?"

"నా రాజ్యంలో ఎవడైనా ఒకటే."

"అయితే తమరి మంగలి మల్లడి వేలు కూడా తీయించాలి."

"వాడేం చేశాడు?"

"తమరి మీసం చూసుకోండి. నల్ల వెంట్రుకలు నల్లగానే ఉన్నాయి. తెల్లవి మాత్రం నేరేడుపండు రంగుకి తిరిగాయి. పూసిన రంగు ఒకటే, తాగేవి వేరు. ఆచారి పిడికి జరిగిందీ ఇదే."

సభ మొత్తం పైకప్పు చూడసాగింది. మీసం సంగతి అందరికీ తెలుసు, చెప్పే దమ్మే ఎవరికీ లేదు. భటులు మల్లడి కోసం కదిలారు.

రాజు సింహాసనం మీంచి సగం లేచాడు. ఆ మీసం దిద్దగల మొనగాడు రాజ్యంలో మల్లడొక్కడే.

"ఆగండి. వాడి తప్పేం లేదు," అన్నాడు గబగబా. "తలుపు వేసుకుని నేనే పూసుకున్నాను."

నోరు జారాక గానీ ఏమన్నాడో తెలియలేదు. మెల్లగా తన బొటనవేలు చూసుకున్నాడు. బొల్లన కూడా అటే చూస్తున్నాడు.

రాజుకు ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. శిక్ష రద్దు చేశాడు. చేతి కంకణం తీసి బొల్లనకిచ్చి, ఆచారికి పట్టుబట్టలు పెట్టించాడు.

"మరి ఈ మచ్చ మాటేమిటి?" అన్నాడు.

"ఉండనివ్వండి ప్రభూ. రేపొచ్చే రాజు దాన్నే చూస్తాడు. అది లేకపోతే మీసం చూస్తాడు."

రాజు పగలబడి నవ్వి, ఆ ఊపులో పిడి మీద ఒక్క గుద్దు గుద్దాడు.

ఈరాచారి పట్టుబట్టలు పక్కన పెట్టి, మళ్ళీ పొట్టు ఏరుకోవడం మొదలుపెట్టాడు.